ఫైలుంది సరే... లోపలేముంది?

రోజూ రాత్రి రెండింటికి కంప్యూటర్ తన పని తాను చేస్తోంది. రోజూ ఉదయం రిజిస్టర్లో 'ఓకే' అని పడుతోంది. అయినా పదకొండేళ్ల రికార్డులు గాల్లో దీపంలా ఉన్నాయని ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలీదు... రాత్రి డ్యూటీ సిస్టర్ విసుక్కునేదాకా!

పెళ్లి ఫొటోలు రెండు చోట్ల దాచుకునేవాళ్లున్నారు. టెన్త్ సర్టిఫికెట్‌కు జిరాక్సులు తీయించి బీరువాలో ఒకటి, అటక మీది పెట్టెలో ఒకటి పెట్టే తండ్రులున్నారు. సెల్‌ఫోన్ మార్చినప్పుడల్లా 'నంబర్లన్నీ వచ్చాయా' అని కంగారుపడని ఇల్లాలు ఉండదు. ఇదంతా బ్యాకప్పే. ఆ మాట వాడకపోయినా ఆ జాగ్రత్త మనవాళ్లకు కొత్త కాదు.

అయితే దాచామన్న ధైర్యం వేరు. దాచింది రేపు అక్కరకొస్తుందన్న నమ్మకం వేరు. అటక మీది పెట్టెకు చెద పట్టిందో లేదో పెట్టె దించి చూస్తేగానీ తెలీదు. దించి చూసేవాళ్లెందరు?

గోదావరి ఒడ్డున ఓ పట్టణంలో, నూటయాభై పడకల ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ కంప్యూటర్ల సంగతి చూసే ఆయన్ని అందరూ 'మాస్టారూ' అనే పిలుస్తారు. ఆయన బడిపంతులేం కాదు. తొంభైల్లో వీధికో కంప్యూటర్ ఇనిస్టిట్యూట్ వెలిసిన కాలంలో డాస్, ఫాక్స్‌ప్రో, సీ లాంగ్వేజీ నేర్పారు. ఇనిస్టిట్యూట్ మూతపడింది, ఆ పిలుపు మిగిలిపోయింది. దగ్గర చదువుకున్న పిల్లలు అమెరికాలో, బెంగళూరులో ఉన్నారు. ఆయన మాత్రం ఆసుపత్రి కింది అంతస్తులో, ఫార్మసీ గోడౌన్ పక్కన, ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని గదిలో ఉంటారు.

ఆ గదిలోనే ఉంది సర్వర్. 2014లో కొన్నది. పదహారు జీబీల మెమరీ. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, దానికి కావలసిన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ రెండూ దాంట్లోనే. ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి సమ్మరీ దాకా 2011 నాటి నుంచీ రికార్డులన్నీ అందులో ఉన్నాయి. ముఖ్యంగా డయాలసిస్ వార్డువి. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మంచం మీదుండే రోగులు వాళ్లు. ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువెంత, హెపారిన్ ఎంత ఇస్తున్నారు, హెపటైటిస్ ఉందా లేదా, రక్తం ఎప్పుడెక్కించారు... ఈ లెక్కల్లో ఏది తప్పినా మరుసటి రోజు మిషన్ మీద పెట్టేటప్పుడు తేడా వస్తుంది. 'ఆ బరువు అంకె పోతే మళ్లీ మొదట్నుంచీ తడుముకోవాలి' అంటారు అక్కడి టెక్నీషియన్లు.

సిస్టరు గారి ఫిర్యాదు

2022 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తూ ఒక సిస్టర్ మాస్టారి గది తలుపు తట్టారు.

''మాస్టారూ, రాత్రి రెండు దాటాక సిస్టమ్ పోతోందండీ. ఓ ఐదు నిమిషాలు ఏం నొక్కినా కదలదు. మళ్లీ దానంతటదే వస్తోంది.''

''కరెంటు పోయిందేమో చూశారా?''

''ఫ్యాను తిరుగుతూనే ఉందండీ!''

యూపీఎస్ కుర్రాడొచ్చి బ్యాటరీలు చూసిపోయాడు. బానే ఉన్నాయన్నాడు. నెట్‌వర్క్ స్విచ్ మార్చారు. వారం గడిచింది. సిస్టర్ మళ్లీ వచ్చారు. ఈసారి ఒక చీటీ పట్టుకుని. ఏ రాత్రి ఎన్నింటికి ఆగిందో అందులో వరసగా రాసి ఉంది. రెండూ పది, రెండూ పదకొండు, రెండూ పది, రెండూ పన్నెండు...

వేళ తప్పని జబ్బు ఏదైనా సరే, దానికో కారణం ఉంటుంది. రెండింటికి మొదలయ్యే పని ఆ సర్వర్లో ఒక్కటే... బ్యాకప్!

జూన్ 2, గురువారం. మాస్టారు ముందు బ్యాకప్ రిజిస్టర్ తెప్పించుకున్నారు. తేదీ, ఫైలు పేరు, ఓకే. తేదీ, ఫైలు పేరు, ఓకే. డేటా ఎంట్రీ చేసే అమ్మాయి గుండ్రటి చేతిరాత. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. తర్వాత ఫైళ్లున్న ఫోల్డర్ తెరిచారు. నిజమే, రోజుకో ఫైలు ఉంది. కానీ వరసగా చూస్తే ఒక వింత. ఫిబ్రవరి 24 దాకా ఫైలు రోజురోజుకూ పెరిగింది. 25న ఒక్కసారిగా చిక్కిపోయింది. ఆ తర్వాత పెరిగినా ఏదో నామమాత్రమే.

ఆసుపత్రికి రోగులు తగ్గలేదు. మరి ఫైలెందుకు తగ్గింది?

డేటాబేస్‌ను ఫైల్లోకి దించే మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే సాధనానికి ఓ మంచి అలవాటుంది. పనంతా సవ్యంగా ముగిస్తే చిట్టచివర 'డంప్ కంప్లీటెడ్' అంటూ తేదీ, టైముతో ఒక వాక్యం రాసి సంతకం పెట్టినట్టు పెడుతుంది. మాస్టారు ముందురోజు ఫైలు విప్పి చివరికెళ్లారు. ఆ వాక్యం లేదు. అంతకుముందు రోజుది విప్పారు. లేదు. ఆ ముందుది... లేదు. ఫిబ్రవరి 24 నాటి ఫైల్లో ఉంది.

లెక్కేశారు. 97 రాత్రులు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. డంప్ టేబుళ్లను ఇంగ్లిష్ అక్షరక్రమంలో దించుకుంటూ పోతుంది. రోగుల పేర్లు, అడ్రసులు ఉన్న టేబుల్ 'పీ'తో మొదలవుతుంది కాబట్టి ఫైల్లో భద్రంగా ఉంది. 'ఎస్'తో మొదలయ్యే స్కాన్ల టేబుల్ దగ్గర పని ఆగిపోయింది. ఆ తర్వాతివి... రక్తమార్పిడులు 'టీ', బరువులూ బీపీలూ ఉన్న వైటల్స్, రోగి వచ్చిన ప్రతిసారీ రాసే విజిట్స్ 'వీ'... ఒక్కటీ లేదు. పేర్లున్నాయి, మనుషుల కథ లేదు!

గాదె, వాకిలి, కుంచం

అసలేం జరిగింది? దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ చదువులు అక్కర్లేదు. డిస్కును గాదె అనుకోండి. ధాన్యం ఎంతైనా పడుతుంది. మెమరీ వాకిలి లాంటిది. ఏ పని చేయాలన్నా సరుకు అక్కడికి రావాల్సిందే. కానీ చోటు తక్కువ.

గాదెలో ధాన్యాన్ని బస్తాల్లోకి ఎత్తాలి. అంతా ముందు వాకిట్లో కుప్పపోసి, ఆ తర్వాత తీరిగ్గా బస్తాలకెత్తడం ఒక పద్ధతి. కుంచంతో తీసింది తీసినట్టే బస్తాలో పోసుకోవడం ఇంకో పద్ధతి. రెండోదానికి వాకిలి ఎంత చిన్నదైనా ఫరవాలేదు. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు రెండూ తెలుసు. 'క్విక్' అనే ఆప్షన్ ఉంటే కుంచం పద్ధతి, లేకపోతే టేబుల్ మొత్తాన్ని మెమరీలో కుప్పపోసే పద్ధతి. చాలా ఏళ్లుగా ఈ 'క్విక్' దానంతటదే అమల్లో ఉంటోంది. ఎవరైనా పనిగట్టుకుని తీసేస్తే తప్ప.

ఇక్కడ తీసేశారు! అయితే పాడు చేయాలని కాదు, రోగుల మంచికే. అప్పుడెప్పుడో బ్యాకప్ నడుస్తున్నంతసేపూ టేబుళ్లకు తాళం పడి, క్యాజువాలిటీలో రాత్రి కేసులు ఎక్కించడం కుదిరేది కాదు. స్క్రిప్టు రాసిన కుర్రాడు 'స్కిప్ ఆప్ట్' అనే మాట చేర్చాడు. తాళం పోయింది. దాంతోపాటే, అదే గుత్తిలో ఉన్న 'క్విక్' కూడా పోయింది. అప్పట్లో అన్ని టేబుళ్లూ కలిపినా అరజీబీ లేదు. వాకిట్లో కుప్పపోసినా కనపడనంత.

2021 ఆగస్టులో ఆసుపత్రివాళ్లు పాత కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ బొమ్మలన్నీ నేరుగా డేటాబేస్‌లోకే వెళ్లాయి. ఇలాంటి బొమ్మలను విడిగా ఫోల్డర్లో పెట్టి, డేటాబేస్‌లో వాటి చిరునామా మాత్రం ఉంచడం మేలైన పద్ధతి. కానీ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు అలా చేయలేదు. స్కాన్ల టేబుల్ పెరిగి పెరిగి ఫిబ్రవరి చివరికి ఐదు జీబీలకు చేరింది.

ఇక లెక్క చూడండి. పదహారు జీబీల్లో పది డేటాబేస్ ఇంజిన్‌కే కేటాయించి ఉంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ కలిసి ఇంకో మూడు. మిగిలింది మూడు. మెమరీ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే స్వాప్ ఇంకో రెండు. అన్నీ కలిపి ఐదు. దాంట్లో ఐదు జీబీలకు మించిన కుప్ప పోస్తే?

లినక్స్‌లో దీనికో ఏర్పాటుంది. పేరు వింటేనే భయమేస్తుంది... ఓఓఎమ్ కిల్లర్. మెమరీ పూర్తిగా నిండుకుని సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయే పరిస్థితి వస్తే, నడుస్తున్న పనుల్లో ఒకదాన్ని చంపేసి మిగతావాటిని బతికిస్తుంది. పడవ మునిగేలా ఉంటే బరువెక్కువున్న మూటను ఏట్లోకి తోసేసినట్టు. ఎవరి వల్ల బరువు పెరిగిందన్నది దానికి అనవసరం. ఎవరు ఎక్కువ బరువున్నారన్నదే చూస్తుంది. రాత్రి రెండూ పదికి మెమరీ మీదికి ఎగబడింది డంప్. అందరికంటే బరువుగా కనిపించింది పది జీబీల డేటాబేస్ ఇంజిన్. అంతే! తప్పు చేసింది ఒకరు, శిక్ష పడింది ఇంకొకరికి. ఇంజిన్ చచ్చి, మళ్లీ లేచి, తన లెక్కలు తాను సరిచూసుకుని పనిలో పడటానికి ఐదు నిమిషాలు. వార్డులో సిస్టర్ చూస్తున్నది ఆ ఐదు నిమిషాలే.

కెర్నెల్ లాగ్ తెరిస్తే అన్నీ ఉన్నాయి. 'అవుట్ ఆఫ్ మెమరీ... కిల్డ్ ప్రాసెస్' అంటూ రోజుకో లైను. సర్వర్లోనే ఉండే అడ్మినిస్ట్రేటర్ మెయిల్‌బాక్సులో 'డంప్ చేస్తుండగా కనెక్షన్ పోయింది' అంటూ రోజుకో ఉత్తరం. 97 ఉత్తరాలు. ఆ పెట్టె ఒకటుందని ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు.

మరి స్క్రిప్టు చివర్లో 'సక్సెస్' అని ఎందుకొస్తోంది? అదో తమాషా. డంప్ ఇచ్చిన సరుకును జిప్ చేసే ప్రోగ్రాం ఒకటి దాని వెనకే ఉంటుంది. ఇద్దరు కలిసి చేసే పనిలో చివరివాడినే 'అయిందా' అని అడుగుతుంది కంప్యూటర్. ముందువాడు మధ్యలో కుప్పకూలినా, చివరివాడు తనకు వచ్చినంత మూటగట్టి 'అయింది సార్' అంటాడు. అబద్ధం కాదు, వాడి పని అయింది! అసలేమీ రాకపోయినా అంతే. ఖాళీగా ఉన్నదాన్ని జిప్ చేస్తే 20 బైట్ల ఫైలు వస్తుంది. అదీ ఫైలే మరి. 'పైప్‌ఫెయిల్' అనే చిన్న మాట స్క్రిప్టు మొదట్లో చేరిస్తే ముందువాడు పడిపోయిన సంగతీ బయటకొస్తుంది. చేర్చనివాళ్లే ఎక్కువ.

పెద్దింటి కథలూ ఇంతే

ఇదేదో చిన్న ఊరి చిన్న ఆసుపత్రి కాబట్టి జరిగిందనుకుంటే పొరపాటు. ప్రపంచంలో ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఓ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరే తుడిచేశాడు. ఆపేలోగా 300 జీబీల్లో మిగిలింది నాలుగున్నర. పోనీ బ్యాకప్ ఉంది కదా అని చూస్తే ఆ చోటు ఖాళీ! డేటాబేస్ ఒక వెర్షనూ, డంప్ తీసే సాధనం పాత వెర్షనూ కావడంతో రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లను అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. వాళ్ల అదృష్టం... అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు తీసిన కాపీ ఉంది. దాంతో బయటపడ్డారు. మెచ్చుకోవాల్సింది ఏమిటంటే, ఆ సంస్థ ఏదీ దాచలేదు. మరమ్మతు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టింది.

అంతకుముందు 1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' సినిమా ఫైళ్లు ఒక్క కమాండుతో చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ టేపులు కొంతకాలంగా సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డతో ఇంటి నుంచే పనిచేస్తున్న గేలిన్ సస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ ఇంట్లో ఒక కాపీ ఉండటంతో ఊపిరి పీల్చుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, బాలింతను తీసుకొచ్చినంత జాగ్రత్తగా కార్లో తెచ్చారట!

అదృష్టం అందరికీ ఉండదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ అంటుకుంది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దది కావడంతో వేరేచోట కాపీ పెట్టలేదన్నది అక్కడివాళ్లు చెప్పిన కారణం. పెద్దదైపోయింది కాబట్టే కదా దాచాల్సింది!

''ఆమెకు చూడమన్నదేంటండీ?''

సంగతి తెలిశాక మాస్టారు ముందు ఎవరికీ చెప్పలేదు. దాచడానికి కాదు. చెబితే గదిలోకి పదిమంది వస్తారు, ఎవరో ఒకరు సర్వర్ ఆపి ఆన్ చేయమంటారు. ఎనిమిదేళ్ల పాత మిషను. ఆపితే లేస్తుందో లేదో! అందుకని ముందు స్కాన్ల టేబుల్ వదిలేసి మిగతావన్నీ దించారు. దానికి మెమరీ పెద్దగా అక్కర్లేదు. అరగంట పట్టింది. చివరి వాక్యం ఉందో లేదో చూసుకుని, బయటి డిస్కులోకి కాపీ చేసి, డిస్కును సంచిలో వేసుకున్నాకే మొదటి అంతస్తుకెళ్లారు.

డాక్టరు గారు మౌనంగా విన్నారు. పక్కనున్న ఏఓ గారు మాత్రం రిజిస్టర్ తెమ్మన్నారు. పేజీలు తిప్పి, ''మూడు నెలలపాటు ఓకే ఓకే అని రాసిందేంటండీ ఈ పిల్ల? ఏం చూసి రాసినట్టు? రేపట్నుంచి రావద్దని చెప్పండి'' అన్నారు.

కాంట్రాక్టు ఉద్యోగం. తొమ్మిదివేల జీతం. పిలిస్తే వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది ఆ అమ్మాయి.

''ఆమెకు మనం చూడమన్నదేంటండీ?'' అన్నారు మాస్టారు. ''ఫైలుందా లేదా అని. చూసింది. ఉంది. ఉందని రాసింది. లోపలేముందో చూడమని రిజిస్టర్లో గడి లేదు కదండీ.''

''అయితే ఆ స్క్రిప్టు రాసినోడి మీద కంప్లెయింటు ఇద్దాం.''

ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లి నాలుగేళ్లయింది. మాస్టారు ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేసిన మాట నిజమే గానీ, తిట్టడానికి కాదు. ''ఒరేయ్, స్కిప్ ఆప్ట్ ఎందుకు పెట్టావురా?'' అనడిగితే అవతల కాసేపు నిశ్శబ్దం. ''అప్పుడు మొత్తం నాలుగొందల ఎంబీనే కదండీ మాస్టారూ... క్యాజువాలిటీ డాక్టరు గారు రోజూ అరుస్తున్నారు...'' అన్నాడు. రాసినరోజు అది సరైన మందే. రోగి ఒళ్లు మారింది, మందు మారలేదు. ఇలాంటి చోట్ల దోషి కోసం వెతకడం మొదలుపెడితే, రేపు ఇంకో లోపం కనిపెట్టినవాళ్లు నోరు మెదపరు. ఆసుపత్రి పెద్దలకు ఇది బోధపడటానికి ఓ పూట పట్టింది. అమ్మాయి ఉద్యోగం నిలబడింది.

''పోనీ ఇంకో పదహారు జీబీల ర్యామ్ కొనేస్తే ఈ బాధ పోతుంది కదా?'' అన్నారు ఏఓ గారు చివరికి.

''పోతుందండీ... ఓ ఏడాది.''

నిజానికి బ్యాకప్ మెమరీ చాలక ఆగిపోతే అందరికీ తోచే మొదటి మందు ఇదే. టేబుల్ పెరుగుతూ పోతే ఎన్ని వాకిళ్లు చాలతాయి? పద్ధతి మార్చాలి. మాస్టారు 'స్కిప్ ఆప్ట్' తీసేసి 'క్విక్'ను తిరిగి తెచ్చారు. తాళం పడకుండా ఉండటానికి 'సింగిల్ ట్రాన్సాక్షన్' అనే ఆప్షన్ పెట్టారు. బ్యాకప్ మొదలైన క్షణానికి లెక్కలెలా ఉన్నాయో అలాగే దించుతుంది, ఈలోగా వార్డుల్లో ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు. ఇన్నోడీబీ రకం టేబుళ్లకే ఇది వర్తిస్తుంది. ఇక్కడ అన్నీ అవే. డేటాబేస్ ఇంజిన్‌కు పది జీబీలు ఎక్కువేనని ఎనిమిదికి తగ్గించారు. పైప్‌ఫెయిల్ చేర్చారు. అంతకంటే పెద్ద డేటాబేసులైతే డంప్ తీయడం మానేసి, ఫైళ్లనే నేరుగా కాపీ చేసే ఎక్స్‌ట్రాబ్యాకప్ లాంటి సాధనాలు వాడటమో, రెండో సర్వర్ పెట్టి దాని నుంచి తీయడమో చేస్తారు. ఇక్కడ అంత అవసరం రాలేదు.

ఆ రాత్రి మాస్టారు ఆసుపత్రిలోనే ఉండిపోయారు. రెండూ పది దాటింది. పదిహేను... ఇరవై... పైనుంచి సిస్టర్ ఫోన్ చేశారు. ''ఈ పూట ఆగలేదండీ!''

కండక్టరు భార్య ఫైలు

ఇక్కడితో చాలామంది చేతులు దులుపుకుంటారు. మాస్టారు అలా చేయలేదు. బ్యాకప్ తిరిగి ప్రాణం పోసుకుంటుందో లేదో చూడాలి కదా! జూన్ 4 శనివారం సాయంత్రం, మూలన పడేసిన పాత కంప్యూటర్ దుమ్ము దులిపారు. ఎనిమిది జీబీల మెమరీ. దాంట్లో డేటాబేస్ మొత్తం తిరిగి ఎక్కించడం మొదలుపెడితే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి పూర్తయింది. ఒక్కో టేబుల్లో ఎన్ని వరసలున్నాయో అసలుదానితో పోల్చారు. సరిపోయాయి.

అంకెలు సరిపోతే చాలదు. ఇరవైమంది రోగుల కాగితాలు తెప్పించి, కంప్యూటర్లో ఉన్నదాంతో చదివి పోల్చమని డేటా ఎంట్రీ అమ్మాయిని కూర్చోబెట్టారు. అందులో ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఓ పెద్దాయన ఫైలొకటి. నాలుగేళ్లుగా డయాలసిస్ మీదున్నారు. ఆయన భార్య ఏ కాగితాన్నీ పారేయరు. డయాలసిస్ అయిన ప్రతిసారీ సిస్టర్‌ను అడిగి బరువు, బీపీ ఓ నోటుపుస్తకంలో రాయించుకుంటారు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు. ''కంప్యూటర్లో ఉంటుందమ్మా, ఎందుకిదంతా'' అని ఎవరైనా అంటే, ''మీ దాంట్లో మీకుంటుంది, నా దాంట్లో నాకుంటుంది'' అంటారావిడ.

ఆ పుస్తకమే ఓ సంగతి పట్టిచ్చింది. ఏప్రిల్లో ఒక రాత్రి ఆయాసం ఎక్కువై పెద్దాయన్ని హడావుడిగా తెచ్చి డయాలసిస్ చేశారు. పుస్తకంలో ఆ రాత్రి బరువుంది, ఎంత నీరు తీశారో ఉంది, ఇక నుంచి ఉంచాల్సిన బరువు ఒక కిలో తగ్గించమని డాక్టరు రాసిన మాట ఉంది. బ్యాకప్‌లో లేదు. అసలు సర్వర్లోనూ లేదు! సిస్టర్ ఎక్కించబోయింది సరిగ్గా ఆ రెండూ పదికే. సేవ్ నొక్కారు, సిస్టమ్ ఆగింది, అటు ఇంకో కేసొచ్చింది, మళ్లీ ఎక్కించడం కుదరలేదు. మర్నాటి నుంచి టెక్నీషియన్లు ఆవిడ పుస్తకం చూసే మిషన్ సెట్ చేస్తున్నారు కాబట్టి ఆయనకేమీ కాలేదు.

అంటే రాత్రిపూట ఐదు నిమిషాల విసుగు అనుకున్నది ఉత్త విసుగు కాదు. ఇరవై ఫైళ్లలో అలాంటివి రెండు దొరికాయి. ఆ తర్వాత వారం రోజులపాటు సిస్టర్లందరూ 97 రాత్రుల కేసు షీట్లు ముందేసుకుని, రెండింటికి అటూ ఇటూ ఉన్న ఎంట్రీలన్నీ ఒక్కొక్కటిగా సరిచూశారు. లేనివి ఎక్కించారు. కండక్టరు గారి భార్యకు ఆ విషయం చెప్పి పుస్తకం తిరిగిచ్చినప్పుడు, ఆవిడ రబ్బరు బ్యాండు తెగిపోయిందని సణిగారు తప్ప ఇంకేమీ అనలేదు.

ఇప్పుడక్కడ బ్యాకప్ కాపీలు మూడు చోట్ల ఉంటున్నాయి. సర్వర్లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, ఊరి అవతల బ్రాంచి క్లినిక్‌లో ఒకటి. నెలకోసారి, మొదటి ఆదివారం, ఆ పాత కంప్యూటర్లో మొత్తం ఎక్కించి చూస్తారు. ర్యామ్ కూడా కొన్నారు లెండి, ఆ ఏడాది దసరా వెళ్లాక.

రిజిస్టర్ మారింది. 'ఓకే' గడి తీసేశారు. దాని బదులు ఫైలు సైజు ఎంత, నిన్నటికంటే ఎంత పెరిగింది, చివరి వాక్యంలో టైమెంత అని మూడు గడులు. నింపేది ఆ అమ్మాయే. 2023 ఆగస్టులో ఒకరోజు మూడో గడిలో టైము లేదు. 'చివరి లైను రాలేదు. డిస్కు నిండింది. మాస్టారు గారికి ఫోన్ చేశాను, ఉదయం 6.40' అని అదే గుండ్రటి చేతిరాతతో ఉంది.